జూలై ఒకటిన పుట్టినవాళ్లు

రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో నలభై దాటినవాళ్ల ఆధార్ కార్డులు ఒక పాతిక తిరగేయండి. జూలై ఒకటిన పుట్టినవాళ్లు మాటిమాటికీ తగులుతారు. జూన్ ఒకటివాళ్లు కూడా కొందరుంటారు. ఆ పూట మంత్రసానులకు ఊపిరి సలపలేదని కాదు. బడిలో చేర్చుకునేటప్పుడు మాలాంటి అయ్యవార్లు అలా రాసిపెట్టారు. ఒకటో తరగతిలో చేర్చాలంటే ఐదేళ్లు నిండినట్టు లెక్క కుదరాలి. తల్లికి తేదీ తెలియదు. ఏ ఏడో చెబితే చాలు, తేదీ మేం వేసేవాళ్లం.

ఆ ఏడైనా ఎలా తెలిసేదో చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన 1984 జూన్‌లో నన్ను లక్కిరెడ్డిపల్లె దారిలో ఒక పల్లెకు వేశారు. మొదటి వారంలోనే ఒకామె చీమిడిముక్కు పిల్లోణ్ని రెక్క పట్టుకుని తెచ్చింది.

"ఎప్పుడు పుట్టినాడమ్మా?"

"యాడ గుర్తుంటాది సార్! వంక ఒక్కసారి గూడా పారల్యా జూడండి, ఆ యేడు. ఇత్తనాలు గూడా తిరిగి రాల్యా."

నేను బిక్కమొహం వేశాను. పక్కనున్న పెద్దయ్యవారు నవ్వి, "79 అని రాయప్పా" అన్నాడు. 1-7-1979 అని రాశాను. అడ్మిషన్ రిజిస్టరులో నా చేత్తో రాసిన మొదటి కల్ల అదే. తర్వాత ముప్పై ఏడేళ్లలో అలాంటివి ఎన్ని రాశానో లెక్కలేదు. మా తల్లులు బిడ్డల వయసును కరువులతో గుర్తుపెట్టుకునేవాళ్లు. ఒకామె అయితే "వీడు కరువుకు ముందు, వాడు కరువు తర్వాత" అని ఇద్దరి వయసులూ ఒక్క మాటలో తేల్చేసింది.

ఆ రిజిస్టర్లు రాసీ రాసీ నాకొక అలవాటు అబ్బింది. పేరు పక్కన పుట్టిన ఏడు చూడగానే, పెద్ద కరువు వచ్చేనాటికి వీడికి ఎన్నేళ్లుంటాయని మనసులో లెక్క వేసుకునేవాణ్ని. పాలు తాగే వయసా, చంకనెత్తుకునే వయసా, పనికి పనికొచ్చే వయసా? అది తెలిస్తే వాడు ఏ తరగతిలో బడి మానేస్తాడో, పాతికేళ్లు వచ్చాక ఏ పని చేస్తుంటాడో కొంతవరకు చెప్పొచ్చని నా నమ్మకం. రిటైరయ్యాక, ఆర్థికశాస్త్రవేత్తలు దేశదేశాల్లో ఇదే లెక్క కడుతున్నారని చదివాను. కొన్నిచోట్ల వాళ్ల మాట నా రిజిస్టరుతో సరిపోయింది, కొన్నిచోట్ల సరిపోలేదు.

మా నేల సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. పాతవాళ్లు రాచవీడు అని పిలిచిన రాయచోటి వీరభద్రస్వామి గుడితో పేరుపడ్డ ఊరు. పక్కన మాండవ్య నది ఉంది, పేరుకు నది, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఉమ్మడి కడప జిల్లాకు సగటు వాన 700 మిల్లీమీటర్లు అంటారు. ఆ సగటును నమ్మి సేద్యం చేసినవాడు బాగుపడలేదు. ఆ వాన ఎప్పుడు పడుతుందన్నదే మాకు బతుకు. శెనక్కాయ చెట్టుకు ఊడలు దిగే సమయంలో నెల రోజులు బెట్ట తగిలిందంటే తర్వాత ఎంత కురిసినా కట్టె మిగులుతుంది గానీ కాయ ఉండదు. కర్నూలు-కడప కాలువ ఉత్తరాన ఎక్కడో పారుతుంది, అది మాకు ఒరిగించింది లేదు. చెరువు, కపిల బావి, తర్వాత బోరు, అంతే.

మా జేజి వాళ్ల జేజి దగ్గర విన్నానని ధాత కరువు గురించి చెప్పేది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. మరుసటి ఈశ్వర కూడా అలాగే గడిచింది. 1871 జనాభా లెక్కల్లో కడప జిల్లాకు పదమూడున్నర లక్షల మంది. 1881 వచ్చేసరికి పదకొండు లక్షల ఇరవై వేలు. అప్పటి కడప జిల్లాలో మదనపల్లె, వాయల్పాడు కూడా కలిసి ఉన్నాయి. పదేళ్లలో పెరగాల్సిన జనం పెరక్కపోగా రెండు లక్షలకు పైగా తగ్గారు. చచ్చినవాళ్లు కొందరు, దేశాలు పట్టిపోయినవాళ్లు కొందరు, అసలు పుట్టనివాళ్లు ఎందరో. 1881 లెక్కల్లో మద్రాసు రాజధానిలో కరువేళ్లలో పుట్టిన పిల్లల వరస పలచబడి కనిపిస్తుంది. తెల్లదొర రిచర్డ్ టెంపుల్ కరువు పనికి కూలి తగ్గించి, రోజుకు పౌను గింజలు, పైన ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కంటే తక్కువ. రాళ్లు కొట్టే మగమనిషికి అది. ఇక ఆ ఇంట్లో చంటిబిడ్డకు ఏం మిగిలి ఉంటుందో లెక్క కట్టడానికి పరిశోధకుడు అక్కర్లేదు.

అప్పటి చదువు వీధిబడి. అయ్యవారికి జీతం సగం గింజల్లోనే. కళ్లంలో గింజ లేకపోతే బడి ఉండదు. దీనికి కాగితం మీద సాక్ష్యం ధాతకు యాభై ఏళ్ల ముందే దొరుకుతుంది. మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో బడుల లెక్కలు పంపమంటే, 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని రాశాడు. అనంతపురం అప్పుడు ఆ జిల్లాలోదే, మా పక్కిల్లు లాంటిది. జనం తొమ్మిది లక్షలు దాటిన జిల్లాకు అంతే మంది చదువరులు. చదువు ఎందుకు క్షీణించిందో కూడా ఆయనే రాశాడు. జనం పేదలైపోయారు, పిల్లల కూలి లేకపోతే ఇల్లు గడవడం లేదని. మా సీమ కలిసిన దత్తమండలాలను కుంఫిణీ తీసుకుని అప్పటికి ఇరవై మూడేళ్లు. పన్ను వసూళ్లు మాత్రం ఆపలేదు లెండి.

ఇక నాకు దగ్గరి కరువు నందన. 1832లో గుంటూరు సీమలో లక్షల మందిని మింగిన కరువు వచ్చింది నందన సంవత్సరంలోనే. రెండు చక్రాలు తిరిగి 1952లో అదే పేరుతో రాయలసీమకు వచ్చింది. ముందటి ఖర నామ సంవత్సరమూ ఎండినదే. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టారు. మిలిటరీవాళ్లు వచ్చి బావులు లోతు చేశారు. మా నాయనకు అప్పుడు పన్నెండేళ్లు, ఐదో తరగతి. మా ఊళ్లో గంజి కాచింది బడి వసారాలోనే. పెద్ద గంగాళంలో జొన్నపిండి గంజి, అందులో ఉప్పు. మిరపకాయ ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చుకోవాలి. "బడికి పోయినట్టూ అయింది, గంజి తాగినట్టూ అయింది. సదువు మాత్రం జరగల్యా" అనేవాడు నాయన. అయ్యవారు గంజి గంటె తిప్పుతుంటే చదువు ఎవరు చెప్తారు? ఆ ఏడాది తర్వాత నాయన బడి మొగం చూడలేదు. జీవాలు మేపాడు, తర్వాత సేద్యం. పేపరు మాత్రం కూడబలుక్కుని చదివేవాడు. ఐదో తరగతి వరకు నేర్చింది ఎక్కడికీ పోలేదు.

మా చిన్నాయన సంగతి వేరు. నందన వచ్చేనాటికి ఆయనకు రెండేళ్లు. తల్లి పాలు ఇంకిపోయాయి, గంజి కేంద్రంలో చంటిబిడ్డకు వేరే వాటా లేదు. ఆయన బతికాడు గానీ అన్నదమ్ములందరిలో పొట్టి. నాయన భుజం దాకా వచ్చేవాడు. 1956 ప్రాంతంలో బడిలో వేస్తే, కరువు లేదు, కడుపునిండా సంగటి ఉంది, అయినా ఎక్కాలు నోటికి రాలేదు. మూడో తరగతి రెండుసార్లు చదివి మానేశాడు. "వీనికి బుర్ర ల్యా" అని జేజే అనేది. ఊరంతా అదే మాట. ఆయన కూడా నమ్మాడు. డెబ్బై ఏళ్ల వయసులో నాతో, "నాకు ఆ దేవుడు తెలివి పెట్టల్యారా" అన్నాడు.

ఒక్క మనిషిని చూపించి కరువు వల్లే అని తేల్చడం న్యాయం కాదు, నాకు తెలుసు. అయితే ఇథియోపియాలో 1984 కరువు నాటికి మూడేళ్లలోపు ఉన్న పిల్లలను పెద్దయ్యాక కొలిస్తే, తోటివాళ్ల కంటే ఎత్తు తక్కువ ఉన్నారని తేలింది. జింబాబ్వేలో ఎనభైల కరువును పాకే వయసులో చూసిన పిల్లలు పెద్దయ్యాక పొట్టిగా మిగలడమే కాదు, తరగతులూ తక్కువే చదివారు. ఇండోనేషియాలో ఇంకో విచిత్రం. పుట్టిన ఏడు వానలు బాగా పడిన ఆడపిల్లలు పెద్దయ్యాక ఎత్తుగా ఉన్నారు, ఎక్కువ చదివారు. మగపిల్లల్లో ఆ తేడానే కనబడలేదు. వాన పడినా పడకపోయినా మగపిల్లోడి కంచంలోకి ఏదో ఒకటి పడుతుందన్నమాట. ఈ పరిశోధనలు చదివిన రోజు చిన్నాయన ఫోటో తీసి చాలాసేపు చూశాను. ఆయన అప్పటికే లేడు.

అంటే పన్నెండేళ్లవాడికి కరువు చేసేది వేరు, రెండేళ్లవాడికి చేసేది వేరు. మొదటివాడికి బడి పోతుంది, నేర్చింది మిగులుతుంది. రెండోవాడికి బడి ఎదురుగానే ఉంటుంది, కానీ వాడు అందుకోలేడు. వాడి కరువు ఎవరికీ కనబడదు. ఎండిన చెరువును ఫోటో తీయొచ్చు, దీన్ని తీయలేం.

ఇక నా హాజరుపట్టీల సంగతి. 1987 దేశమంతా కరువు. ఆ ఏడు మా బడిలో హాజరు పడిపోతుందని అనుకున్నాను. సెప్టెంబరు, అక్టోబరుల్లో పడలేదు. పైతరగతుల పిల్లలు ఎన్నడూ లేనంత బుద్ధిగా వచ్చి కూర్చున్నారు. చేలో పని లేదు, ఇంట్లో తిట్లు తప్ప మరొకటి లేదు, ఇంక ఎక్కడికి పోతారు? మరుసటేడు 1988లో వానలు తిరగబడి కురిశాయి. శెనక్కాయ పెరికే రోజులు వచ్చేసరికి నాలుగు, ఐదు తరగతుల్లో బల్లలే మిగిలాయి. కట్టె నుంచి కాయ పీకే పనికి చిన్న చేతులు చురుగ్గా ఉంటాయి. డబ్బాకింత అని కూలి. నేను కేకలేస్తే ఒకడు, "పది దినాలు సార్, మల్లీ వస్తా" అన్నాడు. వాడు పదిహేను రోజులకు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. కొందరు రాలేదు.

మనీషా షా, బ్రైస్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు 2017లో మన దేశపు పల్లెల లెక్కలతో సరిగ్గా ఇదే రాశారు. పసితనంలో మంచి వానలు చూసిన పిల్లలు బడిలో రాణిస్తారు, అదే వానలు బడి వయసులో కురిస్తే కూలి రేట్లు పెరిగి బడి ఎగ్గొడతారు. చదివి ఎగిరి గంతేశాను, నా హాజరుపట్టీని ఎవరో చూసి రాసినట్టుంది. కానీ మా ఊరికి అది సగమే సరిపోతుంది. ఒక్క ఏడు ఎండితే పిల్లలు బడికి వస్తారు. వరసగా రెండో ఏడు కూడా ఎండితే ఇల్లే కదిలిపోతుంది. మదనపల్లె మీదుగా బెంగుళూరు బస్సు ఎక్కేటప్పుడు పిల్లల్ని ఎవరి దగ్గర వదులుతారు? అప్పుడు బడికి వచ్చేది జేజి దగ్గర మిగిలినవాళ్లే.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. 1995లో కేంద్రం బడిపిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చే పథకం పెట్టింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు. షరతు ఏమంటే హాజరు ఎనభై శాతం ఉండాలి. వానలు లేని ఏడు పిల్ల బెంగుళూరులో ఇసుక మోస్తుంటుంది. ఇక్కడ జేజి నెలాఖరున సంచి పట్టుకుని బడి గుమ్మం ముందు కూర్చుంటుంది. "నాయనా, నా మనవరాలి బియ్యం" అంటుంది. ఆ ముసలామెను చూస్తూ గైరు హాజరు వేసే ధైర్యం నాకు లేకపోయింది. హాజరు వేశాను. బియ్యం ఇచ్చాను. ఒకసారి పైఅధికారి వచ్చి పేర్లు పిలిస్తే, లేనివాళ్లందరికీ కడుపునొప్పి అని చెప్పాను. "ఏంది సార్, ఊరంతటికీ ఒకేసారా?" అని ఆయన నవ్వి సంతకం పెట్టాడు. ఆయనదీ మా సీమే.

కాబట్టి ఆ ఏళ్ల హాజరు లెక్కలు చూసి రాయలసీమలో కరువు చదువును దెబ్బతీయలేదని ఎవరైనా రాస్తే, దయచేసి నమ్మకండి. ఆ అంకెల్లో మూడు కిలోల బియ్యం ఉన్నాయి.

కరువును దాటించిన వాటిలో ముందు హాస్టళ్లను చెప్పాలి. సాంఘిక సంక్షేమ హాస్టలులో అన్నం మెతుకు మెతుక్కూ రాయి తగలొచ్చు, చారు నీళ్లలా ఉండొచ్చు, కానీ వాన పడలేదని ఆ పొయ్యి ఆరదు. 1972లో అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో మొదలైన గురుకుల పాఠశాల సీటు అంటే మాకు బ్యాంకు ఉద్యోగంతో సమానం. నా దగ్గర చదివిన ఒకడికి ఆ సీటు వచ్చింది. వాడి ఇంట్లో తర్వాతి కరువుకు ఎద్దుల్ని అమ్మారు, ఆవునూ అమ్మారు. వాడి తరగతి మాత్రం ఒక్కటీ పోలేదు. ఇప్పుడు ఇంజనీరు. వాడి తమ్ముడు ఊళ్లోనే ఉండి ఏడు దాకా చదివి ఆటో తోలుతున్నాడు. ఇద్దరిలో తెలివైనవాడు తమ్ముడే. ఇద్దరికీ చదువు చెప్పినవాణ్ని, నాకు తెలుసు.

ఇప్పుడు ఒక ఆడపిల్ల సంగతి. పేరు చెప్పను, పాప అంటాను, ఊళ్లో అలాగే పిలిచేవాళ్లు.

పాప నాయన కువైట్‌లో డ్రైవరు. రాయచోటి, రాజంపేట, కోడూరు ప్రాంతాల నుంచి కువైట్‌కు పోవడం డెబ్బైల నుంచే ఉంది. బావి ఎండినవాడు ఎడారికి పోయి బతకడం బయటివాళ్లకు వింతగా ఉంటుంది. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యాలు కువైట్‌లోకి దిగాయి. లక్షన్నరకు పైగా మనవాళ్లను విమానాల్లో తెచ్చారు. పాప నాయన కట్టుబట్టలతో దిగాడు. 1995 జూన్‌లో పాపను బడికి తెచ్చి వాళ్లమ్మ చెప్పిన గుర్తు, "ఆయన ఉత్తచేతుల్తో వచ్చిన నెలకు పుట్టింది సార్." అంటే అక్టోబరో నవంబరో. అలా రాస్తే ఐదేళ్లు నిండవు, ఏడాది ఆగాలి. 1-7-1990 అని రాశాను.

చురుకైన పిల్ల. 2002 ఏప్రిల్‌లో ఏడో తరగతి పరీక్ష మంచి మార్కులతో పాసైంది. జూన్‌లో హైస్కూలుకు టి.సి. ఇచ్చి పంపాను. ఆ ఏడు చిత్రభాను. జూలైలో దేశం మొత్తం మీద కురవాల్సిన దాంట్లో సగం మాత్రమే కురిసింది. మా దగ్గర అంతకు ముందే దెబ్బ మీద దెబ్బ. నవంబరులో వాళ్ల ఇల్లు కదిలింది. పాపకు ఏడాది వయసు తమ్ముడున్నాడు. తల్లిదండ్రులు బెంగుళూరులో మేస్త్రీ కింద పనికి, పాప రేకుల షెడ్డులో తమ్ముణ్ని ఎత్తుకుని. పోయే ముందు బడికి వచ్చి వాకిట్లో నిలబడింది. "పండగకు వచ్చేస్తాం సార్" అంది. నేను బ్యాగులోంచి ఎనిమిదో తరగతి గణితం పుస్తకం తీసిచ్చాను. ఆ పుస్తకం షెడ్డులో పొయ్యి అంటించడానికి వాడుకున్నామని తర్వాత తనే చెప్పింది. దాచలేదు.

వాళ్లు పోయిన రెండు నెలలకు, 2003 జనవరిలో, మా బడిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం అలా మా వేపచెట్టు కింద పొయ్యి రాజేసింది. బియ్యం ఇంటికి మోసుకుపోయే పద్ధతి పోయి వండి వడ్డించడం వచ్చాక హాజరు వేయడంలో నాకు కల్లలాడే అవసరం తీరింది. ఎవరు తింటే వాళ్లే వచ్చినట్టు. 2004 ఏప్రిల్‌లో కోర్టు ఇంకో మాట చెప్పింది. కరువు ప్రాంతాల్లో ఎండాకాలం సెలవుల్లోనూ అన్నం పెట్టాలని. మే నెల ఎండలో పుస్తకాల్లేకుండా, పలకల్లేకుండా, పళ్లెం ఒక్కటీ పట్టుకుని పిల్లలు బడికి వచ్చేవాళ్లు. వసారాలో వాళ్లను చూస్తే నాయన చెప్పిన గంజి గంగాళం గుర్తొచ్చేది. ఒక తేడా ఉంది. ఈ అన్నం తిన్నవాళ్లు జూన్‌లో మళ్లీ తరగతిలో కూర్చున్నారు. అయితే హైస్కూలు పిల్లలకు ఆ అన్నం అందడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. పాప వయసువాళ్లు ఆ సందులో పడిపోయారు.

ఆ తర్వాత పాపను చూసింది 2013లో, రాయచోటిలో ఒక జిరాక్స్ షాపు ముందు. పెళ్లైంది, ఒక కూతురు. భర్త సంపాదన తాగుడికి చాలదు. కువైట్‌కు ఇంటిపనికి పోవాలి. "సార్, వయసు ఎక్కువేసి ఒక స్టడీ సర్టిఫికెట్ ఇస్తారా?" అంది. నాకు అర్థం కాలేదు. తనే చెప్పింది. పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టు వేరు, కానివాళ్ల పాస్‌పోర్టు వేరు. పది లేనివాళ్లకు వెనక పేజీలో ఈసీఆర్ అని పడుతుంది. కువైట్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ముందు సర్కారు అనుమతి తీసుకోవాలి. ఆడవాళ్లైతే ముప్పై ఏళ్లు నిండితే తప్ప ఆ అనుమతి ఇవ్వరు. ఆడపిల్లలను అక్కడ హింసిస్తున్నారని, కాపాడటానికి పెట్టిన నిబంధన. మంచి ఉద్దేశమే. కానీ దాన్ని తప్పించుకోవడానికి విజిటింగ్ వీసా మీద దొంగదారిన పంపే ఏజెంట్లు ప్రతి వీధిలో ఉన్నారు. అలా పోయినవాళ్లకు అక్కడ కష్టమొస్తే అడిగే దిక్కుండదు.

ఎనిమిదో తరగతిలో ఒక నవంబరు. అది పాపకు ఇరవై మూడేళ్లప్పుడు పాస్‌పోర్టు వెనక పేజీలో తేలింది. చదువు పోతే మంచి ఉద్యోగం రాదని పిల్లలకు చెబుతుంటాం. ఇంటిపనికి పోవడానికి కూడా అడ్డం పడుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

సర్టిఫికెట్ ఇవ్వలేనన్నాను. ఒకసారి తేదీ మార్చిన చేతికి రెండోసారి మార్చడం కష్టం కాదు. కానీ ఈసారి ఆమెను పంపే చోటు బడి కాదు. ఆమె కోపం తెచ్చుకోలేదు. "సరే సార్, ముప్పై దాకా ఉంటాలే" అంది. 2020 జూలైలో ముప్పై నిండాయి. కరోనా వల్ల అప్పుడు విమానాలే లేవు. 2022లో పోయింది.

పాప ఎత్తుకు తిరిగిన తమ్ముడికి ఇప్పుడు పాతికేళ్లు. వాడి ఈడు పిల్లలు రెండు వేల మందిని, అప్పటికి ఎనిమిదేళ్లున్న పిల్లలు ఇంకో వెయ్యి మందిని ఎంచుకుని, 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యంగ్ లైవ్స్ అనే అధ్యయనం వెంటాడుతూ వస్తోంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్లది. సీమ నుంచి కడప, అనంతపురం అందులో ఉన్నాయి. అది నడుస్తుండగానే 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. కడప కూడా మొదటి విడతలోనే. ఆ రెండింటినీ కలిపి లెక్క కట్టిన ఒక పరిశోధన చెప్పిందేమంటే, కొత్తగా తగిలిన కరువు దెబ్బను ఆ పథకం పిల్లల ఒంటి మీద పడకుండా కొంత కాచింది, పాతగా పడిపోయిన లోటును మాత్రం పూడ్చలేకపోయింది. పాప తమ్ముడిది పాత లోటు. ఇంటర్ రెండుసార్లు తప్పి, ఇప్పుడు బెంగుళూరులో ఇళ్లకు సరుకులు చేరవేసే బండి నడుపుతున్నాడు. మా చిన్నాయనకు లాగే వాడికీ ఎవరో బుర్ర లేదని చెప్పి ఉంటారు. నేను చెప్పలేదు. అంతవరకు నేర్చుకున్నాను.

ఉపాధి హామీ అని సర్కారు రాసుకున్నా మా దగ్గర ఎవరూ ఆ మాట అనరు. ఇప్పటికీ "కరువు పనికి పోతాండాం" అనే అంటారు. టెంపుల్ దొర నాటి పేరు అలా నిలిచిపోయింది. వాన బాగా పడిన ఏడు కూడా కరువు పనే.

నీళ్లు లేక పోయిన చదువుల గురించే ఇంతసేపూ చెప్పాను. నీళ్లు ఎక్కువై పోయినవీ ఉన్నాయి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి, గుండ్లూరు మీదుగా నీళ్లు తెల్లారేసరికి వచ్చి పడ్డాయి. 1977లో దివిసీమను ఉప్పెన ముంచిందీ నవంబరు 19నే. వరద వచ్చిన ఊళ్లకు మంత్రులు వస్తారు, కెమెరాలు వస్తాయి, పిల్లలకు పుస్తకాలు, సంచులు పంచుతారు. మంచిదే. బెట్టకు ఎండిన చేను చూడటానికి ఎవరూ అంత పరుగున రారు, అది ఒక్క రాత్రిలో జరిగేది కాదు గనక.

అడ్మిషన్ రిజిస్టరులో చివరి గడి ఒకటుంటుంది, బడి వదలడానికి కారణం అని. మేమంతా అందులో "లాంగ్ ఆబ్సెంట్" అనో, "తల్లిదండ్రుల వలస" అనో రాసి చేతులు దులుపుకున్నాం. ఇప్పుడు బడుల్లో ఉన్న అయ్యవార్లను, అమ్మవార్లను ఒక్కటే అడుగుతాను. ఆ గడిలో ఆ ఏడు వాన ఎంత పడిందో కూడా రాయండి. మండలాఫీసులో అడిగితే అంకె ఇస్తారు. రేపు ఎవరైనా మన పిల్లలకు తెలివి లేదని అన్నప్పుడు తీసి చూపించడానికి ఉంటుంది.

పాప పోయిన నెల వాట్సాప్‌లో మాట్లాడింది. కూతురు పదో తరగతి పాసైందట. ఆసుపత్రిలో పుట్టిన పిల్ల, పుట్టిన తేదీ కాగితం మీద సరిగ్గా ఉంది. తల్లి పాస్‌పోర్టులో మాత్రం ఇంకా 1-7-1990 అనే ఉంది.